సాన తాత గొంతును వీధుల్లో తిప్పిన మైకక్క

మా వీధి ఆడవాళ్లు కత్తులు పట్టుకుని కాలేజీ మేడం మీదికి వెళ్లారని ఊరంతా చెప్పుకుంటున్నారు. మార్కెట్లో కూరగాయలు తూచే మనిషి కూడా "ఏమ్మా, మీ వీధిలోకి రావాలంటే ఇక పోలీసుల్ని వెంటబెట్టుకుని రావాలా?" అని నన్ను అడిగాడు. కత్తులు పట్టుకుని వెళ్లిన మాట నిజం. నా చేతిలోనూ ఒకటి ఉంది, దాచడం ఎందుకు. కానీ మీదికి వెళ్లలేదు, దగ్గరికి వెళ్లాం. ఆ తేడా మేడంకి కూడా ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం పాపం, కాళ్లు రెండూ ఆటో సీటు మీదికి లాక్కుని ముడుచుకుని కూర్చుంది.

ఇంకో మాట కూడా తిరుగుతోంది. చనిపోయిన మనిషి గొంతును మైకక్క అమ్ముకుని తింటోందని. మొదటి మాటకు నవ్వొచ్చింది గానీ ఈ మాటకు మాత్రం నాకు కడుపు మండింది. అసలేం జరిగిందో దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

మైకక్కకు సొంత పేరంటూ ఒకటుంది. బ్యాంకువాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆవిడ మొగుడికి మైకు సెట్లు అద్దెకిచ్చే షాపు ఉంది. ఆంప్లిఫయర్ మూత తీస్తే లోపల ఏ తీగ అలిగిందో చెప్పగల మనిషి. కానీ నలుగురిలో నోరు విప్పమంటే చొక్కా తడిసిపోతుంది. పెళ్లైన కొత్తలో ఒక బట్టల షాపు ప్రకటనకు ఒప్పుకున్నారట. చెప్పాల్సిన మనిషి రాలేదు. ఈయన మైకు పట్టుకుని "హలో, హలో" అంటూ ఉండిపోయాడు. ఈవిడ కాసేపు చూసి, "ఎవరికండీ ఆ హలోలు? ఇటివ్వండి" అని లాక్కుంది. ఆ రోజు నుంచి మళ్లీ ఆయన చేతికి మైకు ఇవ్వలేదు.

తర్వాత ఆటో కూడా తనే నేర్చుకుంది. డ్రైవరును పెడితే టీ కొట్టు కనబడిన చోటల్లా బండి నత్తలా నడుపుతున్నాడని కోపం. పైన రెండు బాకాలు, అద్దం పక్కన కట్టిన మైకు, రెండు చేతులూ బండికి. నీళ్లు రావని చెప్పాలన్నా, కొత్త షాపు తెరిచారని చెప్పాలన్నా ఆవిడే. ఒకసారి సంతలో పిల్లాడు తప్పిపోయాడు. పిల్లాడి గుర్తులన్నీ చెప్పి, ఆ పైన మైకులోనే, "తల్లీ, ముందు ఏడుపాపి చెప్పులేసుకుని రా. నీ కొడుకు క్షేమంగానే ఉన్నాడు, నా బిస్కెట్లే క్షేమంగా లేవు" అంది. ఆ తల్లి ఏడుస్తూ నవ్వుతూ పరుగెత్తుకొచ్చింది.

ఈ మధ్య బేరాలు తగ్గాయి. ప్రకటనలన్నీ ఫోన్లలోనే కదా. "ఏంటక్కా, బండి బయటికి తీయడం లేదు?" అని అడిగితే, "గొంతుకు రెస్టు ఇస్తున్నానే. దానికీ ఒక వయసు వచ్చింది" అంటుంది. బేరాల్లేవని మాత్రం చచ్చినా అనదు.

అలాంటప్పుడు కాలేజీ మేడం వచ్చింది. చరిత్ర చెప్పే మేడం, చిన్న వయసే. వీధుల్లో అరుస్తూ తిరిగి పని చేసుకునేవాళ్లుంటారే, గొడుగులు బాగుచేసేవాళ్లు, చీపుళ్లు అమ్మేవాళ్లు, పాత పేపర్లు కొనేవాళ్లు, వాళ్ల కేకలన్నీ కొన్నేళ్లుగా రికార్డు చేసిందట. చేసి, ఊరి మ్యాపు మీద చుక్కలు చుక్కలుగా పెట్టింది. ఏ వీధి మీద నొక్కితే ఆ వీధి కేకలు ఫోన్లో వినిపిస్తాయి. వీధి గొంతులు అని పేరు పెట్టారు. ఈ రకం పనిని డిజిటల్ హ్యుమానిటీస్ అంటారని చెప్పింది.

మైకక్క ఆ మాటను నోట్లో ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసింది. "అంటే మనుషుల సంగతులు కంప్యూటర్లో పెట్టడం. అంతేనా?"

"అంతే అక్కా."

"మరి ఎవరు వింటున్నారు?"

మేడం కొంచెం తల దించుకుంది. "మా కాలేజీవాళ్లు, ఇంకా అలాంటి పని చేసే వేరే కాలేజీలవాళ్లు. ఊళ్లో వాళ్లు వినాలని నా ఆశ. అందుకే మీ దగ్గరికి వచ్చాను. ఫోన్లో ఎలా చూడాలో వీధి వీధికీ తిరిగి చెబుతారా?"

సరేనని రెండు రోజులు తిరిగి చెప్పింది. మా ఇంటి ముందు కూడా చెప్పింది. విన్నాం, తలుపేసుకున్నాం. ఎవరు నొక్కుతారండీ చుక్కలు? మూడో రోజు మైకక్క షాపు ముందే బండి ఆపేసి, "చూడమ్మాయ్, వంట వాసన రాకుండా ఇంట్లో ఏముందో చెబితే ఎవరైనా లోపలికొస్తారా? ఆ కేకలు నా పెన్ డ్రైవ్‌లో వెయ్యి. ఏ వీధి కేక ఆ వీధిలోనే వినిపిద్దాం" అంది.

మేడం కళ్లు మెరిశాయి. వెంటనే మళ్లీ ఆలోచనలో పడింది. "ఫోన్లో పెట్టడానికి వాళ్లందరూ ఒప్పుకున్నారు గానీ, మైకులో అంటే... ఒకసారి వాళ్లనో, ఇంట్లోవాళ్లనో అడిగితే బావుంటుందేమో అక్కా."

"ఏం అడుగుతాం? వీధిలో అరిచిన గొంతు వీధిదే. నా గొంతు నన్ను అడిగే వింటున్నారా అందరూ?"

మేడం ఊరుకుంది. ఊరుకోకుండా ఉండాల్సిందని తర్వాత తనే అంది.

మొదటి రోజు బ్రహ్మాండంగా సాగింది. గొడుగుల మనిషి కేక వేస్తూ ఒక వీధిలో వెళుతుంటే, గొడుగుల మనిషి స్వయంగా ఎదురొచ్చాడు. తన గొంతు తన ముందే పోతుంటే నోరు తెరిచి చూసి, ఆటో వెనకాలే నడిచాడు. "నువ్వు కేకెయ్యమ్మా, నేను కుడతాను. ఇన్నాళ్లకు నాకూ ఒక నౌకరు దొరికింది" అని వీధి చివరిదాకా వచ్చాడు. జనం పాత గొడుగులు తెచ్చి అతని ముందు పోశారు. మేడం ఆ రోజంతా నవ్వుతూనే ఉందట.

మర్నాడు మా వీధికి వచ్చారు.

పొద్దుటి పనులన్నీ అయి, ఇంకా పొయ్యి వెలిగించని వేళ. ఉన్నట్టుండి "కత్తులూ... కత్తెరలూ... సాన పడతాం!" అని వినిపించింది. సాన తాత గొంతు! పెద్ద వయసేం కాదు, జుట్టు ముందే నెరిసిందని అందరం తాతను చేసేశాం. సైకిలుకే సాన చక్రం బిగించుకుని తొక్కుతూ నిప్పురవ్వలు లేపేవాడు. ఎన్నాళ్లుగానో కనబడటం లేదు. వేరే వీధులు పట్టుకున్నాడేమో, మన వీధి మొహం మొత్తిందేమో అనుకున్నామే గానీ, ఏమయ్యాడని ఎవరం అడగలేదు. ఇళ్లల్లో కత్తులన్నీ మొండిబారి ఉన్నాయి. ఇంకేం, ఎవరి చేతికి దొరికింది వాళ్లు తీసుకుని పరుగు. ఎదురింటి పిన్ని పెద్ద కత్తిపీటే ఎత్తుకొచ్చింది. నా వెనక ఇద్దరు తోడికోడళ్లు, ఎవరి కత్తి ముందు పెట్టాలని తగువులాడుకుంటూ.

మేడం ఇది చూసింది. వీధి మొత్తం కత్తులతో తన వైపే వస్తోంది. "అక్కా, పోనివ్వండి! బండి పోనివ్వండి!" అని ఒకటే అరుపు.

మైకక్క పగలబడి నవ్వుతూ బండి ఆపేసింది. "భయపడకు అమ్మాయ్! ఇది కాదా నువ్వు కోరుకున్న జనం?"

"తాత ఏడి?" అంది పిన్ని కత్తిపీట కింద పెట్టి, ఆటోలోకి తొంగి చూస్తూ. "ఈ పిల్ల ఎవరు? తాతను ఎక్కడ దాచారు?"

అప్పుడు మా వీధిలోనే ఉన్న టైలరు మామ షాపులోంచి కాజాలమ్మాయి వచ్చింది. కొన్ని నెలల కిందటే పనిలో చేరింది. చొక్కాలకు కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది కాబట్టి కాజాలమ్మాయి అనేవాళ్లం. ఎవరి పిల్లో, ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలియదు. చేతిలో టైలరు కత్తెర ఉంది. తనూ సాన కోసమే అనుకుని కాస్త దారి ఇచ్చాం. తను కత్తెర ఇవ్వలేదు. బాకాల వైపు చూస్తూ నిలబడింది. పైన కేక మళ్లీ మొదలైంది.

"ఆపండి" అంది మెల్లగా. తర్వాత గట్టిగా, "ఆపండి! ఆయన లేడు. మా నాన్న పోయి ఏడాది దాటింది."

మైకక్క చెయ్యి టక్కున బటన్ మీదికి పోయింది. బాకాలు ఆగాయి. అప్పుడే వెనక నుంచి ఇద్దరు తోడికోడళ్లలో చిన్నామె, ఏం జరిగిందో వినబడక, "మరి నా కత్తి సంగతేంటి?" అంది. పెద్దామె దాని నెత్తిన ఒక్కటిచ్చింది.

"నాన్నను కాటికి సాగనంపి వచ్చి, ఈ గొంతు ఇక వినబడదులే అని మనసుకు సర్దిచెప్పుకున్నాను" అంది కాజాలమ్మాయి. "ఎవరినడిగి ఊరంతా తిప్పుతున్నారు?"

మేడం బండి దిగింది. ఇంతమంది కత్తులకు భయపడిన పిల్ల ఆ ఒక్క ప్రశ్నకు తెల్లబోయింది. "ఆయన రికార్డింగుకి ఒప్పుకున్నారమ్మా. మ్యాపులో పెడతామన్నా సరేనన్నారు. మైకులో అని మాత్రం అడగలేదు. మిమ్మల్నీ అడగలేదు. తప్పు మాదే. మీరు తీసేయమంటే ఈ రోజే తీసేస్తాను, ఎక్కడా ఉండదు."

"తీసెయ్యండి."

అంతే, లోపలికి వెళ్లిపోయింది. మేము కత్తులు కొంగుల్లో దాచుకుని ఎవరిళ్లకు వాళ్లం వచ్చేశాం. ఏడాది దాటిందట. మా గుమ్మాల ముందు అంతకాలం అరిచిన మనిషి. నాకైతే ఆ రోజు అన్నం సహించలేదు.

ఆ సాయంత్రం మైకక్క నడిచి వచ్చింది. ఆవిడ ఆటో లేకుండా మా వీధికి రావడం అదే మొదలు. టైలరు షాపు గుమ్మం దగ్గర నిలబడి, "లోపలికి రావచ్చా అమ్మా?" అని అడిగింది. ఆ గొంతు అంత చిన్నగా పలకగలదని నాకు అప్పటిదాకా తెలియదు. నేను జాకెట్టు ఇవ్వడానికి వెళ్లి అక్కడే ఉన్నాను. సరే, జాకెట్టు మర్నాడు ఇచ్చినా సరిపోయేదే, వెళ్లాను.

కాజాలమ్మాయి తలెత్తలేదు. సూది ఆపలేదు.

"మేడం అడుగుదామంది. నేనే వద్దన్నాను" అంది మైకక్క. "వీధిలో గొంతు వీధిదేనని పెద్ద మాట మాట్లాడాను. వీధిలో తిరిగే మనిషికి వెనక ఒక ఇల్లుంటుందని గుర్తు రాలేదు. మేడంని ఏమీ అనకు, అనాలనుకున్నది నన్ను అను."

"అంటే ఏమొస్తుంది?"

"నీ మనసు తేలిక పడుతుందేమో."

"పడదు."

టైలరు మామ మిషను ఆపి, "కూర్చోమ్మా" అని స్టూలు జరిపాడు. మైకక్క కూర్చుంది.

"మ్యాపులో నుంచి మేడం తీసేసింది" అంది మైకక్క. "తన దగ్గర మాత్రం ఇంకా ఉంది. మొత్తం చెరిపేసే ముందు నిన్ను ఒక్కమాట అడగమంది. మ్యాపులో పెట్టింది కేక వరకే. తర్వాత మీ నాన్న చాలాసేపు మాట్లాడాడట. అది ఎవరికీ వినిపించలేదు, నేనూ వినలేదు. నీకు కావాలంటే ఇస్తుంది. వద్దంటే చెరిపేస్తుంది. రెండింటిలో ఏదైనా నేను నోరెత్తను."

సూది ఆగింది. "మా నాన్న మాట్లాడాడా? ఇంట్లో పొడి పొడిగా రెండు మాటలనేవాడు. అంతసేపు ఏం మాట్లాడాడు?"

"తెలియదమ్మా."

మర్నాడు మధ్యాహ్నం షట్టరు సగం దించి, మేడం తన ల్యాప్‌టాప్ పెట్టింది. నేను అక్కడెందుకున్నానని అడక్కండి, అదే జాకెట్టు. కాజాలమ్మాయి నన్ను ఉండమనే అంది. టైలరు మామ బయట మెట్టు మీద కూర్చుని, వినడం లేదన్నట్టు రోడ్డు వైపు చూస్తున్నాడు. చెవి మాత్రం లోపలే ఉంది.

ముందు కేక వచ్చింది. కాజాలమ్మాయి రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుంది. తర్వాత సాన తాత నవ్వు. రాయి గురించి, చెడిపోయిన కత్తుల గురించి, బేరాలాడే ఇల్లాళ్ల గురించి చెప్పాడు. మా వీధి గురించి కూడా చెప్పాడు, అది ఇక్కడ చెప్పను. మేడం గొంతు అడిగింది, "అన్ని వీధుల్లోనూ ఇలాగే పిలుస్తారా?"

"అన్నింట్లోనూ పిలుస్తాను. బడి వీధిలో తప్ప."

"ఎందుకని?"

"మా పిల్ల చదివేది అక్కడ. ఒకసారి పిలిస్తే పిల్లలందరూ దాన్ని చుట్టుముట్టి, నాలాగే అరిచి ఏడిపించారట. ఇంటికొచ్చి అన్నం తినలేదు. అప్పటి నుంచి ఆ వీధి రాగానే నోరు మూసుకుని సైకిలు వెనక చక్రం ఎత్తి పట్టుకుని పోయేవాణ్ణి, చప్పుడు కూడా రాకుండా. పిల్ల పెద్దదైపోయింది, బడి మానేసింది. నాకు మాత్రం ఆ అలవాటు పోలేదు. ఇప్పటికీ ఆ వీధిలో నా గొంతు లేవదు." మళ్లీ నవ్వు. "మంచి వీధమ్మా అది. రెండు వైపులా గోడలు. కేక వేస్తే భలే మోగుతుంది. ఒక్కసారి వెయ్యాలని ఉంటుంది."

మేడం ఆపింది. కాజాలమ్మాయి ఏడవలేదు. "నేను బడి మానేశాక కూడానా?" అంది. మళ్లీ అదే మాట అంది. బయట మెట్టు మీద టైలరు మామ ముక్కు గట్టిగా చీదాడు.

ఆ రోజు ఏమీ తేల్చలేదు. రికార్డింగు తన ఫోన్లోకి ఎక్కించుకుంది. మేడం చెరపనూ లేదు, మ్యాపులో తిరిగి పెట్టనూ లేదు. మైకక్క మాట ఇచ్చినట్టే నోరెత్తలేదు. అదెంత కష్టమో ఆవిడ మొగుణ్ణి అడగండి. "ఇంట్లో నాతో కూడా మాట్లాడటం లేదు, జ్వరమేమో అనుకున్నా" అన్నాడు నాతో. ఆయన నాతో అన్న అతి పెద్ద మాట అదే.

కొన్నాళ్లకు కాజాలమ్మాయి తనే మైకు షాపుకు వెళ్లింది. "అక్కా, బండి తియ్యండి. బడి వీధికి వెళదాం" అంది.

"నువ్వు బాగా ఆలోచించుకున్నావా?"

"ఆలోచించే వచ్చాను. ముందు ఆయన ఎవరో మీరు చెప్పండి. తర్వాత కేక వెయ్యండి. నేను కిందే నిలబడతాను."

బడి వదిలే వేళకు వెళ్లారు. నేనూ వెనక సీట్లో మేడం పక్కన ఇరుక్కుని వెళ్లాను. మైకక్క మైకు సవరించుకుంది. రోజూ గలగలా పోయే మనిషి, ఒక్కో మాటా ఆచితూచి చెప్పింది. "ఈ ఊళ్లో కత్తులు సానబెట్టిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఇప్పుడు లేడు. ఆయన కూతురు అనుమతితో ఆయన గొంతు వినిపిస్తున్నాం. ఈ వీధిలో ఆయన గొంతెత్తి పిలవడం చాలా ఏళ్ల తర్వాత ఇదే మొదలు."

"కత్తులూ... కత్తెరలూ... సాన పడతాం!"

ఆయన చెప్పింది నిజమే. గోడ నుంచి గోడకు మోగింది. గేటులోంచి పిల్లలు బిలబిలా వచ్చారు. ఒకడు విన్నాడు, చెవి పక్కన చెయ్యి పెట్టుకుని అచ్చం అలాగే అరిచాడు. ఇంకొకడు అందుకున్నాడు. చూస్తుండగానే ఆ వీధంతా సాన తాతలే. మేడం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పిల్లలు ఏడిపిస్తే ఈ అమ్మాయి ఏమైపోతుందోనని నాకూ భయమేసింది.

కాజాలమ్మాయి వాళ్ల మధ్యలోకి నడిచింది. మొదట అరిచినవాడి ముందు నిలబడి, "అలా కాదురా. చివర్లో ఇంకాస్త సాగదీయాలి" అంది. అని, తనే అరిచి చూపించింది. వాళ్ల నాన్న గొంతే, ఆడగొంతులో. పిల్లలు చప్పట్లు కొట్టారు. మైకక్క మైకు చేత్తో మూసేసి మొహం అటు తిప్పుకుంది.

కేక మళ్లీ మ్యాపులోకి ఎక్కింది. ఈసారి దానికింద ఆయన పేరు, కూతురు చెప్పిన నాలుగు మాటలు ఉన్నాయి. బడి వీధి మీద కూడా ఒక చుక్క పెట్టారు. ఇప్పుడు మా వీధిలో ఆ చుక్క నొక్కని ఇల్లు లేదు. కత్తిపీట పిన్ని తన ఫోన్‌కి ఎవరు కాల్ చేసినా అదే కేక వచ్చేలా పెట్టించుకుంది. ఎవరు ఫోన్ చేసినా మాకందరికీ తెలిసిపోతుంది, అది వేరే గోల.

మైకక్క పద్ధతి మార్చింది. ముందు ఇల్లు వెతుక్కుంటూ వెళుతుంది, అడుగుతుంది, సరేనన్నాకే బాకా ఎక్కిస్తుంది. వద్దన్నవాళ్లూ ఉన్నారు. "వద్దంటే వద్దే. ఆ పూట నా గొంతుతో సరిపెట్టుకుంటారు, దానికేం లోటు?" అంటుంది. సెలవు రోజుల్లో కాజాలమ్మాయి పక్కన కూర్చుని వెళుతోంది. కాలేజీ ఇచ్చేది పెట్రోలు వరకే. అమ్ముకు తింటోందన్నవాళ్లు ఒకసారి ఆ బండి అరిగిపోయిన టైర్లు చూడండి.

మేడం దగ్గర ఇంకా ఇళ్లెక్కడో తెలియని గొంతులు చాలా ఉన్నాయట. వాటి ఇళ్ల కోసం మైకక్క ఎండలో తిరుగుతోంది. గొంతు కూడా మునుపటిలా లేదు, సాయంత్రానికి బొంగురుపోతోంది. డాక్టరుకు చూపించుకోమంటే రెస్టు ఇస్తున్నానంటుంది, ఇవ్వడం లేదు. బండి మీ వీధిలోకి వస్తే ఊరికే విని తలుపేసుకోకండి. బయటికి వచ్చి, "అక్కా, ఎలా ఉన్నావు, గొంతు ఎలా ఉంది?" అని పలకరించండి. కొన్నాళ్లు బండి రాకపోతే వేరే వీధికి వెళ్లిందిలే అనుకోకండి. షాపు దాకా వెళ్లి అడగండి. సాన తాత కనబడనప్పుడు మేం చెయ్యని పని అదే.